మా అత్తగారి ‘ఊ’

మా అత్తగారు పోయారు. ఉయ్యూరు నుంచి మధ్యాహ్నం వచ్చే బొగ్గు గ్యాసు బస్సు దిగి, మా ఆడపడుచు భర్త నేను పాఠాలు చెప్పే బడి దగ్గరికే వచ్చేశారు. తడిసిన గొడుగు ముడవకుండానే వరండాలో నిలబడి, “అత్తయ్యగారు వెళ్ళిపోయారండీ అక్కయ్యగారూ” అన్నారు. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, ప్రార్థనకు కూర్చుని, కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయారట. మా ఆడపడుచు కాఫీ తెచ్చి పిలిచేదాకా ఎవరికీ తెలియలేదట.

ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా అత్తగారు ఉయ్యూరులో పోవలసిన మనిషి కాదు. పటమటలో కొడుకు ఇంట్లో, ఇన్నేళ్ళు చాప వేసుకుని కూర్చున్న గుడికి కూతవేటు దూరంలో పోవలసిన మనిషి. ఆవిడను ఇక్కడి నుంచి ఎవరూ మెడపట్టి గెంటలేదు, నిజమే. మెడపట్టి గెంటితే కనీసం నలుగురికీ కనిపించేది.

ఆవిడ గురించి ఏదైనా రాయమని అడిగిన పెద్దలు “కాస్త మెత్తగా రాయండమ్మా, పోయినవాళ్ళ గురించి కదా” అన్నారు. పోయినావిడ గురించి మెత్తగానే రాస్తాను. ఉన్నవాళ్ళ గురించి మాత్రం మాట ఇవ్వలేను.

మా అత్తగారు ఊ కొట్టే మనిషి. మన ఇళ్ళల్లో కథ చెబుతుంటే పిల్లలు ఊ కొడతారు కదా, అదే. ఆవిడ మంగళగిరి నేతవారి ఇంట పుట్టారు. వాళ్ళ నాన్న గుంట మగ్గంలో కూర్చుని నేస్తూ కథలు చెప్పేవాడట. ఈవిడ పక్కన రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేవారట. ఊ వినబడకపోతే ఆయన మగ్గం ఆపేసి, “ఏం తల్లీ, నిద్రొచ్చిందా?” అనేవాడట. నూలు తెగిందో, పిల్ల కునుకు తీసిందో, రాట్నం ఆగిందో ఆ ఊ ఆగడంతోనే ఆయనకు తెలిసేది. అలా ఏడెనిమిదేళ్ళ వయసు నుంచీ ఎదుటి మనిషి మాటను నడిపించడం ఆవిడకు అలవాటైపోయింది.

పెళ్ళయ్యాక మామగారూ ఆవిడా బాప్తిస్మం తీసుకుని బెజవాడ వచ్చి పటమటలో కాపురం పెట్టారు. వస్తూ ఆ ఊ కూడా వెంట తెచ్చుకున్నారు. గుడిలో ఎవరు నిలబడి సాక్ష్యం చెప్పినా, ఎవరు ప్రార్థన చేసినా, ఆడవాళ్ళ చాపల్లో రెండో స్తంభం దగ్గర నుంచి “ఊ” అని వినిపించేది. గట్టిగా కాదు. పక్కన ఎవరో ఉన్నారని తెలియడానికి సరిపోయేంత. మొదట్లో కొత్తవాళ్ళు నవ్వేవారు. తరువాత తరువాత ఆ ఊ వినబడితేగాని గొంతు పెగలని వాళ్ళు తయారయ్యారు.

నేను ఆ ఇంటికి కోడలినై వచ్చిన కొత్తలో స్త్రీల కూటంలో నన్ను ప్రార్థన చేయమన్నారు. బడిలో పిల్లల మీద కేకలేసే గొంతు నాది. లేచి నిలబడి “ప్రభువా” అన్నాను. అంతే, ఆ తరువాత ఒక్క ముక్క రాలేదు. అప్పుడు నా వెనక నుంచి “ఊ” అన్నారు అత్తగారు. “మా అమ్మకు” అన్నాను. “ఊ.” “మా అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు ప్రభువా.” “ఊ, చెప్పు.” ఆ ‘చెప్పు’ నాతో అన్నారో, నా మాట విని సమాధానం చెప్పమని ప్రభువుతో అన్నారో నాకిప్పటికీ తెలియదు. పుట్టింటి మీద బెంగంతా ఆ పూట నిలబడి చెప్పుకున్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే అన్నారు, “మాట మధ్యలో మనిషిని ఒంటరిగా వదిలెయ్యకూడదమ్మాయ్. అటు దాటేదాకా పక్కన నడవాలి.”

అలాగని ఆవిడకు ప్రసంగాలు వచ్చని కాదు. స్త్రీల సమాజానికి పెద్దగా ఉండమని ఒకసారి అందరూ బతిమాలితే, “నాకు చెప్పడం రాదర్రా, వినడమే వచ్చు” అని చాప చుట్టుకుని లేచి వచ్చేశారు. కానీ ఆదివారం ఎవరైనా మొదటిసారి నోరు విప్పారంటే, సోమవారం పొద్దున వాళ్ళ గుమ్మంలో మా అత్తగారు ఉండేవారు. ఏదో ఒక కూర గిన్నె పట్టుకుని వెళ్ళి, “నిన్న నువ్వన్నావు చూడూ, ‘నా కోపం తీసెయ్యమని అడగను, కోపంలో నన్ను వదిలిపెట్టకు’ అని. అది నేనూ అడుక్కున్నానమ్మా రాత్రి” అనేవారు. వాళ్ళన్న మాట వాళ్ళకే గుర్తుండేది కాదు. ఈవిడ మాత్రం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పేవారు. ఆ మనిషి ఆ రోజంతా ఎంత వెలిగిపోయేదో చూడాలి.

ఇంట్లో మాత్రం ఈ అలవాటుతో నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా వారూ నేనూ పోట్లాడుకుంటే ఆయన చెప్పినదానికీ ఊ కొట్టేవారు, నేను చెప్పినదానికీ ఊ కొట్టేవారు. “అసలు మీరు ఎవరి వైపు అత్తయ్యా?” అని నిలదీస్తే, “ఇంకా అయిపోలేదుగా, కానియ్యండి” అనేవారు. ఇక పోట్లాట ఏం సాగుతుంది? మా వారు నవ్వేసి బయటికి పోయేవారు.

నాంచారమ్మ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమెదీ మంగళగిరే. భర్త పోయాడు. యుద్ధం వల్ల నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే, ఉన్న నాలుగు చీరలూ మూటకట్టుకుని బెజవాడలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునేది. మా అత్తగారు ఒక్క చీర కూడా కొన్నట్టు నాకు గుర్తు లేదు. కానీ మా అరుగు మీద ఆమె గంటలు గంటలు కూర్చునేది. తరువాత గుడికి రావడం మొదలుపెట్టింది. బాప్తిస్మం కావాలని తానే అడిగింది. ఆమె మరుదులు చెడ్డవాళ్ళేం కాదు. “వదినా, మా ఇంట్లో ఉంటే మా పద్ధతిలో ఉండు, లేదంటే నీ దారి నువ్వు చూసుకో” అని ముఖం మీదే చెప్పారు. ఆమె ఒక కాలు అప్పటికే ఆ గడప బయట పెట్టేసింది. రెండో కాలు ఎక్కడ పెట్టాలో మా సంఘం చెప్పాలి.

సరిగ్గా అప్పుడే మా సంఘానికి కొత్త సెక్రటరీగారు వచ్చారు. ఏదో ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. నిజాయితీపరుడే, కాదనను. గుడి కూడా ఆఫీసులా ఉండాలని ఆయన కోరిక. మా పాస్టరు అయ్యగారు మెతక మనిషి, ఏం మాట్లాడాలన్నా ముందు సెక్రటరీగారి ముఖం చూసేవారు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సెక్రటరీగారు లేచి, “ఇకమీదట ఆరాధనలోగాని, కూటాల్లోగాని, మాట్లాడేవారు తప్ప ఇంకెవరూ ఏ విధమైన శబ్దమూ చేయరాదు. ఇది దేవుని మందిరం, కథాకాలక్షేపం కాదు” అని చదివారు. పేరు చెప్పలేదు. చెప్పవలసిన పనేముంది? గుడి గుడంతా రెండో స్తంభం వైపు తిరిగి చూసింది.

మా అత్తగారు తల దించుకుని కొంగు సర్దుకున్నారు. ఆవిడ ఊ పట్టుకుని నిలబడి ప్రార్థన నేర్చుకున్నవాళ్ళు ఆ గుడిలో సగం మంది ఉంటారు. ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు. ఆ సగం మందిలో మా వారూ ఉన్నారు. నేను లేవబోతే అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఇంటికొచ్చాక చూసుకుంటే కంది ఉంది.

బాప్తిస్మానికి ముందు పెద్దలు పరీక్ష చేస్తారు. నాంచారమ్మ వంతు వచ్చిన రోజు స్త్రీల తరఫున నన్ను కూర్చోబెట్టారు. అత్తగారు వరండాలో, తెరిచిన తలుపు పక్కన కూర్చున్నారు. “అమ్మగారూ, నియమం గుర్తుంది కదా?” అన్నారు సెక్రటరీగారు లోపలి నుంచే. “ఉంది బాబూ” అన్నారు ఆవిడ.

“రక్షణ అంటే ఏమిటమ్మా?” అని నాంచారమ్మను అడిగారు.

“నేను చీరల మూట దించానండీ...” అని మొదలుపెట్టింది నాంచారమ్మ. మొదలుపెట్టి ఆగింది. కథ చెప్పే ఇంట్లో పుట్టిన మనుషులంతా అక్కడ ఆగుతారు, ఊ కోసం. ఊ రాలేదు. వరుసగా కూర్చున్న పెద్దమనుషులు కళ్ళజోళ్ళలోంచి చూస్తున్నారు. ఆమె తలుపు వైపు చూసింది. తలుపవతల అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. “మూట దించానండీ. ఆ యమ్మ అరుగు మీద...” మళ్ళీ ఆగింది.

“మూట సంగతి కాదమ్మా మేము అడిగింది” అన్నారు సెక్రటరీగారు, మర్యాదగానే. “రక్షణ అంటే ఏమిటి?”

ఆమె ఇక మాట్లాడలేదు. నేను ఏదో అందించబోతే, “పంతులమ్మగారూ, ఇది మీ క్లాసు కాదండీ” అన్నారు. ఇంకా పక్వం కాలేదనీ, మరుసటి ఏడు చూద్దామనీ తేల్చారు. అయ్యగారు సెక్రటరీగారి ముఖం చూసి తలూపారు. నాంచారమ్మ అందరికీ దణ్ణం పెట్టి, మూట నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది. మా అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనకాల వెళ్ళారు.

ఆ సాయంత్రం వంటింట్లో నేను అత్తగారి మీదే విరుచుకుపడ్డాను. “ఒక్క ఊ అత్తయ్యా! ఒక్క ఊ అంటే ఏం చేసేవాళ్ళు? ఉరి తీసేవాళ్ళా? ఆమెకు ఇప్పుడు అటు ఇల్లూ లేదు, ఇటు గుడీ లేదు. నియమం గొప్పదా, మనిషి గొప్పదా?” అని అరిచాను. ఆవిడ వంకాయలు తరుగుతూ ఊ కొడుతున్నారు! “నాకు ఊ కొట్టకండి!” అన్నాను.

“మరి నీ మాట కూడా ఎవరో ఒకరు వినాలిగా” అన్నారు. చేతిలో కాయ పక్కన పెట్టి, “తప్పే అమ్మాయ్. నోట్లోదాకా వచ్చింది. నేను ఊ అంటే ఆయన ఆమెను అసలుకే బయటికి పంపేస్తాడేమోనని భయపడ్డా. ఎట్టాగూ పంపేశాడు” అన్నారు. మళ్ళీ కత్తిపీట మీద వంగి, “ఆయనక్కూడా చిన్నప్పుడు ఎవరూ ఊ కొట్టలేదేమో పాపం” అన్నారు.

ఆ ‘పాపం’ నాకు అప్పుడూ సహించలేదు, ఇప్పుడూ సహించదు. కోపం రావలసిన చోట కోపం రాని మంచితనం ఎవరికి ఉపయోగమో నాకు అర్థం కాదు. ఆవిడ బదులు కూడా నేనే కోప్పడవలసి వస్తోంది, రెండింతలు.

తరువాత జరిగింది వినండి. సెక్రటరీగారి ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో గుమాస్తాగా బర్మా వైపు వెళ్ళాడు. పోయాడని కబురు వచ్చింది. ఆ ఆదివారం కూడా ఆయన గుడికి వచ్చారు. తెల్లటి కోటు, గుండీలన్నీ పెట్టుకుని. ప్రార్థన తానే చేస్తానని లేచారు. “పరలోకమందున్న తండ్రీ” అన్నారు. ఇక మాట రాలేదు. గుడంతా నిశ్శబ్దం. ఆయన పెట్టిన నియమమే కదా, అందరూ బుద్ధిగా పాటించారు. ఆయన రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నారు. ఎంతసేపు అలా నిలబడ్డారో. అప్పుడు రెండో స్తంభం దగ్గర నుంచి వినిపించింది.

“ఊ.”

“తండ్రీ, మా అబ్బాయి...” అన్నారు ఆయన. “ఊ.” “మా అబ్బాయిని నేను సరిగ్గా సాగనంపలేదు.” “ఊ, బాబూ.” అలా ఒక్కొక్క మాటే, ఆవిడ చెయ్యి పట్టుకుని కాలువ దాటినట్టు, చివరిదాకా వచ్చారు. ఆమెన్ అన్నారు. గుడిలో ఏడవనివాళ్ళు లేరు. నేనూ ఏడ్చాను. ఇక నియమం గియమం ఏమీ ఉండదనుకున్నాను.

మరుసటి ఆదివారం సెక్రటరీగారు లేచి అదే నియమాన్ని మళ్ళీ చదివారు. అక్షరం మార్చలేదు. ఆయన సిగ్గుపడి చదివారో, భయపడి చదివారో నాకనవసరం. చదివారు, అంతే. మేమంతా విన్నాం, అంతే.

ఆ నెలలోనే అత్తగారు ఉయ్యూరులో మా ఆడపడుచు ఇంటికి ప్రయాణం కట్టారు. “అక్కడ చెరుకు కొట్టేవాళ్ళు ఏదో షెడ్డులో కూడుకుంటన్నారంట. ప్రార్థన చెయ్యాలంటే సిగ్గుపడి చస్తన్నారంట. నేను కాస్త పనికొస్తా” అన్నారు. వెంట నాంచారమ్మను తీసుకెళ్ళారు. మా వారు వద్దని నచ్చజెప్పబోతే దానికీ ఊ కొట్టారు. కొట్టి, వెళ్ళారు.

నాంచారమ్మకు ఉయ్యూరు కాలువలో బాప్తిస్మం ఇచ్చారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. గట్టు మీద బురదలో నిలబడి, చెరుకు కొట్టే ఆడవాళ్ళ మధ్య, పటమటలో ఆగిపోయిన ఆ మాట అక్కడ మొదలుపెట్టింది.

“నేను చీరల మూట దించా. ఈ యమ్మ చీర కొనలా. కూర్చోమంది.” “ఊ” అన్నారు అత్తగారు. “నా ఏడుపంతా చెప్పుకున్నా. అంతా వినింది. మర్నాడూ వినింది. ‘ఎందుకు పెద్దమ్మా ఇట్టా వింటావు, నీకేం వస్తది?’ అని అడిగా.” “ఊ.” “‘నేను చెప్పుకునేది కూడా ఒకాయన ఇట్టాగే వింటాడే’ అంది. మనిషి మాటకి ఊ కొట్టే దేవుడున్నాడా అని ఆశ్చర్యపోయా. ఆయన్ని చూడాలనిపించింది. అందుకొచ్చా.”

రక్షణ అంటే ఏమిటని పెద్దలు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. పటమట గుడిలో ఆ జవాబు వినే భాగ్యం ఎవరికీ లేకపోయింది. ఒక్క ఊ ఖరీదు చేసే జవాబు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

అత్తగారిని ఉయ్యూరులోనే సమాధి చేశాం. చెరుకు కొట్టేవాళ్ళు పనులు మానుకుని వచ్చారు. మనం చేసే ప్రార్థనల్లా లేవు వాళ్ళవి. ఒకరు మొదలుపెడితే తక్కినవాళ్ళు ఊ కొడుతుంటే, వాన చినుకుల్లో చాలాసేపు సాగాయి. పటమట సంఘం నుంచి అయ్యగారు ఒక పూలదండ పంపించారు.

ఇంటికి వచ్చేటప్పుడు నాంచారమ్మ నాకు తోడుగా వచ్చింది. మూడో రోజు సాయంత్రం ముసురు పట్టి ఉంది. సెక్రటరీగారు వచ్చారు. నేను లోపలికి రమ్మనలేదు. ఆయన గుమ్మం ముందు నిలబడి, ఆదివారం గుడిలో ఆదరణ కూటం పెడుతున్నామనీ, అత్తగారు ఇతరులను ఎంతగా బలపరిచారో నలుగురు మాట్లాడతారనీ, నన్ను కూడా మాట్లాడమనీ అడిగారు.

“నియమం తీసేస్తున్నారా?” అన్నాను.

“అది కమిటీ...” అని ఆగారు.

“అయితే ఏం ఆదరణ కూటమండీ? ఆవిడ నోరు నొక్కిన చోట నిలబడి ఆవిడను పొగడాలా? నాకు చేతకాదు” అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా అన్నాను. ఆయన తలెత్తలేదు. నేను ఆయాసంతో ఆగాక, గొడుగు పిడి రెండు చేతులతో పట్టుకుని, “ఆ ఆదివారం... మా అబ్బాయి కబురు తెలిసిన ఆదివారం... అమ్మగారు...” అన్నారు. మాట ఆగిపోయింది.

ఆయనకు ఏం కావాలో నాకు తెలుసు. ఆ ఇంటి కోడలిని, నాకు తెలియదా? పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఆయన పెట్టిన నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆయననే రుచి చూడనీ అనుకున్నాను. చూరు నీళ్ళు ఆయన భుజం మీద పడుతున్నాయి. పక్కకు జరగలేదు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

“ఊ” అని వినిపించింది నా వెనక నుంచి.

నాంచారమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, గడప పక్కన చతికిలబడింది. “చెప్పండయ్యా. మీ అబ్బాయి కబురు తెలిసిన ఆదివారం...” అంది.

ఆయన తలెత్తి చూశారు. ఆమె ఎవరో గుర్తుపట్టారు. గొడుగు గోడకు ఆనించి, ఆ తెల్ల కోటుతోనే తడి అరుగు మీద కూర్చున్నారు.

నాకు ఉండబుద్ధి కాలేదు. లోపలికి వెళ్ళి అంట్లు ముందేసుకున్నాను. గిన్నెలు ఒకదాని మీద ఒకటి కావాలనే దబదబా పడేశాను. వాన పెద్దదైంది. ఆయన ఏం చెబుతున్నారో నాకు వినబడలేదు. ఆమె అంటున్నది మాత్రం, నేనెంత చప్పుడు చేసినా, వినబడుతూనే ఉంది.